నాయన బుల్లెట్: నూనె ఆగిన చోటు

జనవరి, రెండో ఆదివారం

ఈ రోజు మా నాయన బుల్లెట్ 350 ఇంజిన్‌ను ఛాసిస్ నుంచి కిందికి దించాను. బండి 1979 మోడలు. 1984లో ఆయన అనంతపురంలోనే పాతబండిగా కొన్నారు. వ్యవసాయ శాఖలో పనిచేసినన్నాళ్లూ కళ్యాణదుర్గం, రాయదుర్గం, ఉరవకొండ వైపు వేరుశనగ చేలకు దీని మీదే తిరిగారు. పదకొండేళ్ల కిందట కళ్యాణదుర్గం నుంచి తిరిగివస్తుండగా ఇంజిన్‌లో సుత్తితో కొట్టినట్టు చప్పుడు మొదలైంది. మరో రెండు కిలోమీటర్లు వచ్చేసరికి ఇంజిన్ పట్టేసింది. టెంపోలో వేసుకొచ్చి పాతూరిలోని మా ఇంటి వసారాలో నిలబెట్టిన బండి ఇప్పటిదాకా అక్కడే ఉండిపోయింది.

నన్ను ఇన్నేళ్లుగా వేధిస్తున్న సంగతి వేరే ఉంది. అది పట్టేయడానికి సరిగ్గా రెండు నెలల ముందే ఒక షెడ్డులో ఇంజిన్ మొత్తం విప్పించి, కొత్త పిస్టన్, కొత్త బిగ్ ఎండ్ బుష్ (పిస్టన్ రాడ్డు కింది చివర ఇరుసును పట్టుకునే చోట వేసే ఉంగరం) వేయించాము. కొత్త సామాను వేసిన ఇంజిన్ రెండు నెలల్లో ఎందుకు పోయిందో తేల్చకుండా మళ్లీ కొత్త సామాను కొని వేస్తే, అదీ అదే దారి పడుతుంది. అందుకే ఈ పనిలో నాకు ముందు కారణం దొరకాలి, విడిభాగాల సంగతి ఆ తరువాత.

నేను ఉన్నత పాఠశాలలో భౌతికశాస్త్రం చెబుతాను. పాయింట్లు (ప్లగ్‌లో నిప్పురవ్వ పుట్టడానికి కరెంటు తెంచే కొసలు) సరిచేయడం, కార్బొరేటర్ కడగడం వచ్చు గాని, ఒక ఇంజిన్‌ను లోపల తిరిగే ఇరుసు, అంటే క్రాంకు దాకా విప్పడం నాకు ఇదే మొదలు. 1955లో మద్రాసులో ఎన్‌ఫీల్డ్ ఇండియా మొదలైనప్పుడు ఇంగ్లండు నుంచి వచ్చిన డిజైనే ఇందులోనూ ఉంది. 70 మి.మీ. బోరు (సిలిండరు లోపలి వ్యాసం), 90 మి.మీ. స్ట్రోకు (పిస్టన్ కదిలే దూరం), 346 సీసీ, ఇనుప సిలిండరు, అల్యూమినియం హెడ్డు, వెనక విడిగా బిగించిన నాలుగు గేర్ల పెట్టె. లోపల ప్రతి భాగమూ కంటికి కనబడేంత పెద్దది, చేతితో పట్టుకుని ఆలోచించగలిగినది. నాకు ధైర్యం ఇచ్చినది అదే.

డ్రెయిన్ బోల్టులు విప్పితే దాదాపు రెండు లీటర్ల నల్లటి నూనె బకెట్లోకి దిగింది. ఇది రాసిపెట్టుకోవలసిన విషయం. నూనె చాలక ఇంజిన్ పోలేదు.

జనవరి, మూడో ఆదివారం

హెడ్డు, సిలిండరు వచ్చేశాయి. పట్టేసిన ఇంజిన్ కదా, సిలిండర్ గోడల మీద నిలువు గీతలు, పిస్టన్ మీద కరిగి అంటుకున్న మచ్చలు ఉంటాయనుకున్నాను. అవేవీ లేవు. బోరు కింది భాగంలో కాస్త తుప్పు, పిస్టన్ స్కర్టు మీద మామూలు అరుగుదల మాత్రమే కనిపించాయి. పిస్టన్ తల మీద 20 అని అచ్చు ఉంది, అంటే అసలు కొలత కంటే ఇరవై థౌ ఓవర్‌సైజు (థౌ అంటే అంగుళంలో వెయ్యోవంతు). అంటే పట్టేసినది పిస్టన్ కాదు. కనెక్టింగ్ రాడ్డును పట్టుకుని ఊపితే కింది చివర ఇసుమంత కూడా కదలలేదు. తప్పు బిగ్ ఎండ్‌లో ఉంది.

వాల్వులను నొక్కే మీటలైన రాకర్ల బేరింగులు రెండేసి ముక్కలుగా, జత కలిపి బోరు చేసినవి. ఒక జత ముక్కను ఇంకో జతతో కలిపితే రాకరు పట్టేస్తుంది. అందుకే ఇన్‌లెట్ వాటిని, ఎగ్జాస్టు వాటిని వేరువేరు మందు డబ్బాల్లో వేసి, మూతల మీద మార్కరుతో రాశాను. విప్పిన ప్రతి దానినీ విప్పకముందు ఒకసారి, విప్పాక ఒకసారి ఫోనుతో ఫోటో తీస్తున్నాను.

ఫిబ్రవరి, మొదటి వారం

టైమింగ్ కవర్ తీశాక క్రాంకు కుడి చివర వర్మ్ గేరు కనబడింది. నూనె పంపును తిప్పేది ఇదే. దీనిని పట్టి ఉంచే నట్టు ఎంత లాగినా రాలేదు. స్పానరుకు ఇనుప పైపు తొడిగి, ఒంటికాలు గోడకు తన్నిపెట్టి లాగబోతుంటే, కుర్చీలో కూర్చుని చూస్తున్న నాయన చెయ్యెత్తారు.

"ఆగప్పా, అట్ల లాగితే తెగిపోతాది. దానికి ఉల్టా త్రెడ్డు. ఆ మేస్త్రి గడియారం తిరిగినట్ల తిప్పి ఇప్పినాడు, నేను చూసినా."

నిజమే. అది ఎడమ మర. గడియారం తిరిగే వైపు తిప్పగానే ఒక్క చప్పుడుతో వదిలింది. నేను పైపుతో ఇంకో రెండు గుంజులు గుంజి ఉంటే క్రాంకు కొస మరే తెగిపోయేది, దానితో క్రాంకు షాఫ్టు మొత్తం పనికిరాకుండా పోయేది. నాకంటే ఆయన ఆ ఇంజిన్‌ను ఎక్కువసార్లు విప్పగా చూశారు. ఆ రోజు నుంచి ప్రతి భాగం తీసే ముందు ఆయనను అడుగుతున్నాను.

వర్మ్ గేరు పళ్లు బాగున్నాయి. పంపు డిస్కులను కడిగి అద్దం పలక మీద పెట్టి చూస్తే నున్నగా, సమంగా ఆనుతున్నాయి. పంపు షాఫ్టు కూడా అరగలేదు. నూనె ఉంది, పంపు బాగుంది, అయినా బిగ్ ఎండ్ నూనె లేక కాలిపోయింది. ఇక మిగిలింది నూనె వెళ్లే దారి.

ఫిబ్రవరి, రెండో శనివారం

క్రాంక్‌కేసు రెండు పెంకులుగా విడిపోయింది. ఫ్లైవీళ్లు రెండింటినీ లేత్ మేస్త్రి తన ప్రెస్సు మీద విడదీసి ఇచ్చారు. బిగ్ ఎండ్ పిన్ను నీలం, గోధుమ రంగుల్లోకి తిరిగి ఉంది. ఉక్కు ఆ రంగులకు వచ్చిందంటే 300 డిగ్రీల సెల్సియస్ దరిదాపులకు కాగిందన్నమాట. పాత బుల్లెట్లలో ఇక్కడ బాల్ బేరింగు గాని రోలర్లు గాని ఉండవు. ఫ్లోటింగ్ బుష్ అనే పల్చని ఉంగరం పిన్నుకీ రాడ్డుకీ నడుమ ఉంటుంది. అది దేనికీ అంటుకోకుండా రెండు వైపులా నూనె పొర మీద తేలుతూ తిరగాలి. నూనె పొర పోతే తేలడం పోతుంది, లోహం లోహాన్ని పట్టుకుంటుంది. నా చేతిలోని బుష్ పిన్నుకు అతుక్కుని, దాని లోపలి పూత ముద్దలుగా చెదిరి ఉంది.

పంపు నుంచి ఫిల్టరు గుండా వచ్చిన నూనె, టైమింగ్ కవర్ లోపలి సన్నని దారిలో ప్రయాణించి, క్విల్ అనే చిన్న గొట్టం దగ్గర క్రాంకు కొసలోకి ప్రవేశిస్తుంది. అక్కడి నుంచి ఫ్లైవీలులో తొలిచిన రంధ్రం ద్వారా పిన్నుకు చేరుతుంది. కదలని కవర్ నుంచి తిరిగే షాఫ్టులోకి నూనె దాటే ఆ ఒక్క చోట చిన్న సీలు ఉంటుంది. ఆ సీలు పాడైతే నూనె పక్కకు కారిపోయి, బిగ్ ఎండ్‌కు అందవలసిన ఒత్తిడి తగ్గిపోతుంది.

మందుల షాపులో కొన్న పది మిల్లీలీటర్ల సిరంజిలో కిరోసిన్ నింపి, దారిని ఒక్కో భాగంగా పరీక్షించాను. ఫ్లైవీలు రంధ్రం గుండా కిరోసిన్ ధారగా పోయింది. ఫిల్టరు వరకు ఉన్న దారిలోనూ ధారగానే పోయింది. ఫిల్టరు నుంచి క్విల్ వరకు పట్టినప్పుడు మాత్రం సిరంజి బిగుసుకుంది. బొటనవేలితో బలంగా నొక్కితే అటువైపు చుక్క, కొంతసేపటికి మరో చుక్క వచ్చాయి. క్లచ్ కేబులు నుంచి ఒక సన్నని తీగ పోగు లాగి, కొసను కొద్దిగా వంచి లోపలికి దూర్చాను. అది మెత్తగా ఏదో ఒకదానిని గుచ్చుకుని ఆగింది. మెల్లగా తిప్పుతూ వెనక్కి లాగితే జొన్నగింజంత బూడిదరంగు ముద్ద ఒకటి బయటికి వచ్చింది. గోరుతో నొక్కితే రబ్బరులా సాగింది.

అది గాస్కెట్ పేస్టు, అతుకుల్లోంచి నూనె కారకుండా పూసేది. క్విల్ సీలును మళ్లీ చూస్తే దాని అంచు చుట్టూ అదే రంగు పేస్టు ఎండి పట్టి ఉంది. కొత్త సీలు వేయవలసిన చోట పాతదానికే పేస్టు పూసి బిగించారు. బిగించినప్పుడు ఎక్కువైన పేస్టు లోపలికి ఒత్తుకుని, గట్టిపడ్డాక నూనె దారిలో ఇరుక్కుంది. అది ఫిల్టరు దాటిన తరువాతి చోటు కనుక ఫిల్టరు దానిని ఆపలేదు. చుక్కచుక్కగా అందిన నూనెతో ఆ బుష్ రెండు నెలలు బతకడమే ఎక్కువ.

నాయన రోజూ పొద్దున ఇంజిన్ స్టార్టు చేయగానే నూనె మూత తీసి, లోపలికి నూనె తిరిగి వస్తున్నదో లేదో చూసేవారు. రెండు నెలలూ అది వచ్చింది. వెనక్కి వచ్చే నూనె కనబడితే పంపు తిరుగుతున్నదని తెలుస్తుంది, అంతే. బిగ్ ఎండ్‌కు ఎంత అందుతున్నదో దాన్ని బట్టి తెలియదు. ఆయనకు ఆ ముద్దను చూపిస్తే అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూశారు. "నేను యాదో ఓవర్‌లోడు ఏసినానేమో అనుకుంటాండానే ఇన్నాళ్లూ" అన్నారు. వేరుశనగ విత్తనాల మూట వెనక కట్టుకుని వచ్చిన రోజది. పదకొండేళ్లుగా ఆయన ఆ భారం మోస్తున్నారని నాకు తెలియదు.

ఫిబ్రవరి చివర

బెంగళూరు జె.సి. రోడ్డుకు వెళ్లి వచ్చాను. నలభై థౌ పిస్టన్, రింగులు, బిగ్ ఎండ్ సెట్టు, మెయిన్ బేరింగులు, గాస్కెట్ సెట్టు, క్విల్ సీళ్లు రెండు, పాయింట్లు తెచ్చాను. నలభై థౌ అంటే 1.016 మి.మీ.; ఆ బోరుతో ఇంజిన్ 346 నుంచి సుమారు 356 సీసీ అవుతుంది.

లేత్ మేస్త్రి ఒక సలహా ఇచ్చారు. "రోలర్ బేరింగు ఏద్దాం సార్. బుష్‌కు నూనె కొంచెం తగ్గినా పోతాది, రోలరు తట్టుకుంటాది." మాట నిజమే, ఈ ప్రాంతంలో చాలామంది అలాగే మార్పించుకున్నారు. నేను మూడు రోజులు ఆలోచించి ఫ్లోటింగ్ బుష్‌నే ఉంచాలని నిర్ణయించుకున్నాను. బుష్ ఓడిపోవడానికి కారణం దొరికింది, ఆ కారణం ఇప్పుడు నా బల్ల మీద చిన్న సీసాలో ఉంది. నూనె దారి శుభ్రంగా ఉంటే, నెమ్మదిగా తిరిగే ఈ ఇంజిన్‌కు బుష్ చప్పుడు లేకుండా పనిచేస్తుంది. పైగా 1979లో తిరువొత్తియూరు కర్మాగారం నుంచి వచ్చిన రూపంలోనే ఇంజిన్ ఉండాలన్న కోరిక నాకు ఉంది. బండిని రోజంతా 80 కిలోమీటర్ల వేగంతో హైవే మీద నడిపేవారికి మాత్రం నేనూ రోలరే చెబుతాను.

మార్చి, మొదటి రెండు వారాలు

బోరింగ్ పని అయింది. అల్యూమినియం పిస్టన్ వేడికి ఇనుప సిలిండరు కంటే దాదాపు రెండింతలు వ్యాకోచిస్తుంది కనుక, చల్లగా ఉన్నప్పుడు నడుమ తగినంత ఖాళీ వదలాలి. పిస్టన్‌ను ముందే మేస్త్రి చేతికిచ్చి, దానిని మైక్రోమీటరుతో కొలిచాకే బోరు కొట్టమని కోరాను. పెట్టె మీద అచ్చువేసిన కొలతను నమ్మి బోరు కొడితే, పిస్టన్ ఒక థౌ అటూ ఇటూ ఉన్నప్పుడు ఖాళీ తప్పుతుంది. బోరు గోడను సానబట్టిన హోనింగ్ గీతలు అడ్డదిడ్డంగా ఒకదానినొకటి ఖండించుకుంటూ కనబడేలా చేశారు. నూనె నిలిచేది ఆ గీతల్లోనే. ఇంటికి తెచ్చాక సిలిండరును వేడినీళ్లు, బట్టల సబ్బుతో నాలుగుసార్లు తోమాను. తెల్లటి గుడ్డతో తుడిస్తే గుడ్డ తెల్లగానే రావాలి, నాలుగోసారికి వచ్చింది. కిరోసిన్‌తో కడిగితే హోనింగ్ పొడి పూర్తిగా పోదు.

ఫ్లైవీళ్లు కలపడం నేను చేయలేదు, చూశాను. రెంటినీ పిన్నుతో కలిపి బిగించాక, సెంటర్ల మధ్య పెట్టి తిప్పుతూ డయల్ గేజ్ ఆనించారు. ముల్లు మొదట ఏడు థౌ ఊగింది. మేస్త్రి రాగి సుత్తితో ఫ్లైవీలు అంచు మీద ఒక దెబ్బ కొట్టడం, మళ్లీ తిప్పి చూడడం, మళ్లీ ఒక దెబ్బ. దాదాపు గంటన్నర తరువాత రెండు వైపులా ఒక థౌకు దిగింది. ఎక్కడ కొట్టాలో, ఎంత బలంగా కొట్టాలో ఆయన ముల్లు ఊగిన తీరును బట్టి గ్రహిస్తున్నారు. ఆ చేతికి ముప్పై ఏళ్ల అలవాటు ఉంది.

మెయిన్ బేరింగుల పని ఇంట్లోనే అయింది. క్రాంక్‌కేసు పెంకును పెద్ద రొట్టెల పెనం మీద బోర్లించి, చిన్న మంట మీద వేడిచేశాను. దాని మీద నీటి చుక్క వేస్తే చిటపటమంటూ దొర్లిపోయే స్థితికి వచ్చాక, పాత బేరింగు తనంతట తానే జారి పెనం మీద ఖంగున పడింది. కొత్త బేరింగులను పాలిథిన్ సంచిలో చుట్టి రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచాను. చల్లని బేరింగు వేడి గూట్లోకి అరచేతితో తోస్తే చాలు, సుత్తి అవసరం పడలేదు. తరగతిలో లోహపు గోళం, వలయం ప్రయోగంతో వ్యాకోచం చూపిస్తాను. వచ్చే ఏడాది ఈ ఫోటోలు కూడా చూపిస్తాను.

మార్చి, మూడో ఆదివారం

ఒక రింగు విరిచాను. పోత ఇనుము రింగు పెళుసుగా ఉంటుందని తెలిసే, పిస్టన్ మీదికి తొడిగేటప్పుడు ఒక కొసను అవసరానికి మించి సాగదీశాను. మళ్లీ రింగుల సెట్టు తెప్పించడానికి తొమ్మిది రోజులు పట్టింది. రెండోసారి పల్చని రేకు ముక్కలు మూడు పిస్టన్ మీద నిలువుగా పెట్టి, వాటి మీదుగా రింగును జార్చాను. తొడగడానికి ముందే ఒక్కో రింగును బోరులో పెట్టి, కొసల మధ్య ఖాళీని ఫీలర్ గేజ్‌తో చూశాను. బోరు అంగుళానికి నాలుగు థౌ అనే లెక్కన దీనికి పదకొండు థౌ కావాలి. పైరింగు పన్నెండు చూపింది, రెండోది తొమ్మిదే చూపితే సన్నని ఆకురాయితో సరిచేశాను.

ఏప్రిల్, మొదటి వారం

ఎండ ముదిరింది, మధ్యాహ్నాలు వసారాలో కూర్చోలేము. తెల్లవారుజామున ఐదింటి నుంచి ఏడున్నర వరకే పని. దుమ్ము లేచేలోగా తెరిచిన భాగాలను మూసేయాలి.

పెంకులు మూసేముందు మొత్తం నూనె దారిని మళ్లీ సిరంజితో పరీక్షించాను. ఈసారి నూనెతోనే. కొత్త క్విల్ సీలు పొడిగా, ఏ పేస్టూ లేకుండా కూర్చుంది. పేస్టును క్రాంక్‌కేసు కలిసే అంచు మీద మాత్రం, పల్చని పొరగా, లోపలి అంచుకు తగలకుండా వేలితో పూశాను. వాల్వులను నడిపే క్యామ్ గేర్ల మీది గుర్తు చుక్కలను ఎదురెదురుగా కలిపాను. నాయన కళ్లద్దాలు పెట్టుకుని ఒక్కో చుక్కనూ చూసి తలూపాకే కవర్ మూశాను.

వాల్వులను గ్రైండింగ్ పేస్టుతో కూర్చోబెట్టి, హెడ్డును తిరగేసి పోర్టుల్లో కిరోసిన్ పోశాను. ఇన్‌లెట్ వాల్వు పది నిమిషాలు నిలిపింది. ఎగ్జాస్టు రెండు నిమిషాలకే చెమర్చింది. మళ్లీ గ్రైండ్ చేస్తే అదీ నిలిచింది.

టైమింగ్‌ను, అంటే ప్లగ్‌లో నిప్పురవ్వ పుట్టే క్షణాన్ని, హెడ్డు బిగించకముందే పెట్టాను. స్పార్క్ ప్లగ్ రంధ్రం ఏటవాలుగా ఉంటుంది కనుక, అందులోంచి చువ్వ దూర్చి కొలిస్తే కొలత తప్పుతుంది. హెడ్డు లేనప్పుడు వెర్నియర్ కొసతో పిస్టన్ లోతును నేరుగా కొలవవచ్చు. పిస్టన్ పైకొసకు చేరడానికి 0.8 మి.మీ. ముందు, ఆ క్షణాన్ని ముందుకు జరిపే అడ్వాన్సు పూర్తిగా వెనక ఉన్న స్థితిలో, పాయింట్లు విడిపోవడం మొదలవ్వాలి. పాయింట్ల నడుమ సిగరెట్ పెట్టెలోని పల్చని కాగితం పట్టుకుని లాగుతూ, అది వదులయ్యే క్షణాన్ని చూశాను. పాయింట్ల గ్యాప్ 0.38 మి.మీ. హెడ్డు బిగించాక, వాల్వుల ఖాళీని సరిచేసే ట్యాపెట్లను ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు పుష్‌రాడ్ వేళ్లతో తేలికగా తిరుగుతూ, పైకీ కిందికీ మాత్రం ఆట లేకుండా సరిచేశాను.

ఏప్రిల్, మూడో ఆదివారం

20డబ్ల్యూ-50 నూనె పోసి, ఫిల్టరు గూడు కూడా నింపి, ప్లగ్ తీసేసి కిక్ కొట్టడం మొదలుపెట్టాను. అరవై కిక్కుల దాకా ఏమీ లేదు. అరవై మూడో కిక్కుకు మూత లోపల సన్నగా నూనె తిరిగి వచ్చింది. రాకర్లకు పోయే పైపు బోల్టును సగం చుట్టు వదులు చేస్తే అక్కడా నూనె ఊరింది. ఈసారి అంతటితో ఆగలేదు. ఫిల్టరు మూత విప్పి, లోపల నూనె నిండుగా ఉందని చూసి మళ్లీ మూశాను.

ప్లగ్ బిగించి, సిలిండరులోని ఒత్తిడిని వదిలే డీకంప్రెషన్ లివరు పట్టి, ఆంపియర్ మీటరు ముల్లు మధ్యకు వచ్చేదాకా పిస్టన్‌ను కంప్రెషన్ దాటించి కిక్ కొట్టాను. మూడో కిక్కుకు ఒక్కసారి కాలింది. ఐదో కిక్కుకు నిలబడింది. చప్పుడు లేదు, అంటే కొట్టే చప్పుడు లేదు. బుల్లెట్‌కు ఉండవలసిన చప్పుడంతా ఉంది. వంటింట్లోంచి అమ్మ వచ్చి గుమ్మంలో నిలబడింది. నాయన లేచి వచ్చి, పాత అలవాటు ప్రకారం నూనె మూత తీసి చూశారు.

పది నిమిషాలు నడిపి ఆపాను. పూర్తిగా చల్లారాక హెడ్డు నట్లు మళ్లీ బిగిస్తే, రెండు నట్లు పావు చుట్టు చొప్పున తీసుకున్నాయి.

మే, రెండో వారం

ఇప్పటికి 260 కిలోమీటర్లు తిరిగింది. వేగం 50 దాటనివ్వడం లేదు, అదే పనిగా ఒకే వేగంలోనూ నడపడం లేదు. మొదట బుక్కరాయసముద్రం చెరువు కట్ట దాకా, తరువాత తెల్లవారుజామున గుత్తి దాకా వెళ్లివచ్చాను. గుత్తి నుంచి వచ్చిన వెంటనే వేడి నూనె దించితే, బకెట్ అడుగున బూడిదరంగు లోహపు పొడి సన్నగా మెరిసింది; కొత్త రింగులు బోరుతో సర్దుకునేటప్పుడు అది మామూలే. అయస్కాంతానికి అంటుకునే ముక్కలు గాని, బుష్ పూత రేకులు గాని లేవు. ఫిల్టరు మార్చాను.

ప్రైమరీ చైన్ కవర్ కింది అంచు నుంచి రాత్రికి నాలుగైదు చుక్కల నూనె కారుతోంది. దాని రబ్బరు సీలు కొత్తది వచ్చే వారం వస్తుంది. అది వచ్చేదాకా పేస్టు పూయను. కింద ఒక అట్టముక్క పెట్టాను. సీలు వేశాక నాయనను వెనక కూర్చోబెట్టుకుని కళ్యాణదుర్గం వెళ్లాలి. తాను ముందు కూర్చుంటానని ఆయన అంటున్నారు.